పది ఊపిరుల లెక్క

"రాసింది నువ్వేనా?"

లమియత్ గొంతు పెంచలేదు. అదే ఫికున్‌ను భయపెట్టింది. విందు జరిగిన నాటి నుంచి అత్తగారు ఇంట్లో ప్రతిదాని మీదా అరుస్తూనే ఉంది. కుక్క మీద, కుళాయి మీద, ముందుగదిలో సముద్రపు గుల్లలు వండి అమ్మే దుకాణం తలుపుకు అంటించిన ఆరోగ్యశాఖ నోటీసు మీద. ఈ పొద్దున మాత్రం రాజుకున్న పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, ఒడిలో నీలం అట్ట నోటుపుస్తకం పెట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

ఫికున్ బియ్యం డబ్బా వెనక దాచిన పుస్తకం అది.

"నేనే అత్తమ్మా."

"ఈ పేజీ చదువు."

"అందులో ఏముందో నాకు తెలుసు."

"నాకూ తెలియాలిగా. కళ్లజోడు దొరకలేదు. చదువు."

ఫికున్ చదివింది. "'గుల్లలను వేడినీళ్లలో ఉంచిన సమయం పది ఊపిరులు. ముంచినది మా అత్తగారు. చూసినది నేను.'"

"మరి ఆ పట్నం ఆవిడ వచ్చి అడిగిన రోజు నేనేం చెప్పాను?"

"గుల్లలు వాటంతటవే నోళ్లు తెరిచేదాకా ఉడికించానని చెప్పారు."

"అంటే నా కోడలే నన్ను అబద్ధాలకోరని గవర్నమెంటుకు రాసిచ్చిందన్నమాట!"

"ఇంకా ఇవ్వలేదు."

గుమ్మం మెట్ల మీద కూర్చుని పడవ తాడుకు ముడి వేస్తున్న అనెక్ చేతులు ఆగిపోయాయి. కానీ తల ఎత్తలేదు. భార్యతో మాట్లాడి అతనికి ఐదు రోజులైంది. గ్రామ ఆరోగ్య వాలంటీరునంటూ ఆమె ఇంటింటికీ వెళ్లి, "మీరు విందులో ఏం తిన్నారు, ఎన్నిసార్లు విరేచనాలయ్యాయి" అని అడగడం మొదలుపెట్టిన సాయంత్రమే అతను చాప విడిగా వేసుకున్నాడు.

లమియత్ పుస్తకాన్ని పొయ్యికి మరింత దగ్గరగా జరిపింది.

"ఎనిమిదింటికి గుడి మండపంలో మీటింగు. ఇది ఆవిడ చేతిలో పడితే నా దుకాణం పని అయిపోయినట్టే."

"పడకపోతే అరవై రెండు ఇళ్ల పని అయిపోతుంది అత్తమ్మా."

ఆ మాట ఫికున్ నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్లయింది. అత్తగారి మాటకు ఎదురు చెప్పడం ఇదే మొదలు.

లమియత్ మేనల్లుడు భిక్షువుగా దీక్ష తీసుకున్న రోజు విందులో రెండు వందల పదిమంది తిన్నారు. మర్నాటికి నలభై ఆరుగురు మంచం పట్టారు. ఏడుగురికి జిల్లా ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇప్పుడందరూ లేచి తిరుగుతున్నారు. కానీ పట్నం నుంచి వచ్చిన అధికారిణి వచరీ సంచిలో మూసివేత ఉత్తర్వు కాగితం ఉంది. నోళ్లు తెరిచేదాకా ఉడికించినా జబ్బు చేసిందంటే, లోపం గుల్లల్లోనే ఉన్నట్టు. అలాంటప్పుడు ఈ తీరంలో గుల్లలు పెరిగే మడులన్నీ మూసేయక తప్పదు. ఊరు మొత్తం బతికేది ఆ బురద మడుల మీదే.

"మీరు చెప్పిన ఒక్క మాట వల్ల నేరం సముద్రం మీదికి పోయింది. మన సముద్రం ఏ పాపమూ ఎరగదు."

"అయితే పాపం నాదా?" లమియత్ లేచి నిలబడింది. "నలభై ఏళ్లు! పది ఊపిరులు! లోపలికి పీలిస్తే 'ఫుట్', వదిలితే 'థో'. బుద్ధుడి పేరు పదిసార్లు పూర్తి కాగానే బుట్ట పైకి. మా అమ్మ లెక్క అది. గుల్ల ఒలిస్తే రక్తం ఎర్రగా కారాలి. కారకపోతే అది గుల్ల కాదు, చెప్పు అట్ట. నలభై ఏళ్లలో ఒక్కడంటే ఒక్కడు వచ్చి, లమియత్, నీ గుల్లలు తింటే కడుపు నొప్పి వచ్చిందన్నాడా?"

"అనలేదు."

"ఆ రోజు తొమ్మిదిమంది భిక్షువులు తిన్నారు. ఒక్కరికైనా ఏమైనా అయ్యిందా?"

"కాలేదనే రాసుకున్నాను."

"మరి?"

ఫికున్ కళ్లు పైకి లేచాయి. పొయ్యి మీది దూలానికి రెండు బుట్టలు వేలాడుతున్నాయి. ఒకటి రోజూ దుకాణంలో వాడే చిన్న వెదురు బుట్ట. దానిలో ఒక పళ్లేనికి సరిపడా గుల్లలు పడతాయి. రెండోది ఊళ్లో ఏ విందు జరిగినా అందరూ అరువు తీసుకువెళ్లే పెద్ద బుట్ట. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి.

"మీ లెక్క మారలేదు అత్తమ్మా. బుట్ట మారింది."

"ఏమన్నావ్?"

"భిక్షువులకు చిన్న బుట్టలో వేసి ఇచ్చారు. పదకొండు దాటాక జనం పెరిగిపోయారని పెద్ద బుట్ట దింపారు. గిన్నె అదే, మంట అదే. ఊపిరులూ అవే పది."

లమియత్ కూడా బుట్టల వైపు తల ఎత్తింది. పొయ్యిలో కొబ్బరి మట్ట చిటపటలాడింది.

"నేను చెప్తే నమ్మకండి. ముంచి చూడండి."

వచరీ ఇచ్చి వెళ్లిన సూది థర్మామీటరును ఫికున్ కొంగు ముడిలోంచి తీసింది. అత్తగారు దాన్ని పాముపిల్లను చూసినట్టు చూసింది. అయినా పెద్ద గిన్నెను పొయ్యి మీదికి ఎత్తింది ఆమే.

నీళ్లు తెర్లాయి. అనెక్ నిన్న తెచ్చి, అమ్మకం లేక మూలన పెట్టిన గుల్లల బస్తాలోంచి ఒక దోసెడు చిన్న బుట్టలో వేసి, లమియత్ కళ్లు మూసుకుని ముంచింది. ఆమె పెదవులు కదిలాయి. ఫుట్. థో. నీళ్లు ఒక్క క్షణం తడబడి, మూడో ఊపిరికే మళ్లీ పొంగాయి. పదో ఊపిరికి బుట్ట పైకి వచ్చింది. ఫికున్ ఒక గుల్ల విప్పి సూది గుచ్చింది.

"యాభై రెండు డిగ్రీలు."

"చూశావా! కాలుతోంది."

"ఇప్పుడు పెద్దది ముంచండి."

పెద్ద బుట్ట నింపడానికి బస్తా మొత్తం పట్టింది. అత్తాకోడళ్లిద్దరూ చెరో చెవి పట్టుకుని ముంచారు. అంతవరకూ గలగలమంటున్న గిన్నె ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఒక్క బుడగ లేదు. ఆవిరి కూడా తగ్గిపోయింది. లమియత్ లెక్కపెడుతూ మధ్యలో కళ్లు తెరిచింది. ఏడు. ఎనిమిది. నీళ్లు ఇంకా చెరువులా పడున్నాయి. తొమ్మిది. పది.

ఫికున్ మధ్యలోంచి ఒక గుల్ల తీసింది. ఎర్రగానే ఉంది. సూది గుచ్చి, చూసి, అత్తగారికి అందించింది.

"కనబడట్లేదు. ఎంతుంది?"

"ముప్పై ఏడు."

"అంటే?"

"మీ చంకలో పెట్టుకున్నా అంతే చూపిస్తుంది."

గుమ్మం దగ్గర అనెక్‌కు నవ్వు వచ్చింది. దగ్గుతూ దాచుకున్నాడు.

లమియత్ పీట మీద కూలబడింది. ఆమె చాలాసేపు గిన్నెనే చూసింది. విందు రోజు ఎండలో, పందిరి కింద, తన చేత్తో కొసరి కొసరి వడ్డించిన పళ్లాలు ఆమెకు ఇప్పుడు కనబడుతున్నాయని ఫికున్‌కు అర్థమైంది.

"అయితే నేను ఆ రోజు క్రిములను చంపలేదు," అందామె చివరికి. "వేడినీళ్ల స్నానం చేయించి, విందుకు కూర్చోబెట్టాను."

"కావాలని చెయ్యలేదు కదా."

"నోరు ముయ్యి. ఓదార్చకు." పట్టుదలగా అంది. "చిన్న బుట్ట తప్పు మాత్రం కాదు. దాని జోలికి రాకు."

"యాభై రెండు చాలదట. లోపల డెబ్బై దాటాలన్నారు ఆవిడ."

"ఆవిడ పుట్టకముందు నుంచీ నేను ముంచుతున్నాను. నలభై ఏళ్లలో ఒక్కడు... "

మాట పూర్తి చెయ్యలేదు. లేచి లోపలికి వెళ్లి, గుడికి వేసుకునే తెల్ల జాకెట్టు తొడుక్కుని వచ్చింది. పొయ్యి పక్కన ఉన్న నోటుపుస్తకాన్ని తీసి తన గుడ్డసంచిలో పెట్టుకుంది. అది ఎవరికి ఇవ్వడానికో, ఏ కాలువలో పారెయ్యడానికో చెప్పలేదు. ఫికున్ అడగలేదు.

"నువ్వు రావా?" అని లమియత్ కొడుకును అడిగింది.

"నేనెందుకు, అందరూ నిన్ను తిడుతుంటే వినడానికా?" అన్నాడు అనెక్, తాడు మీది నుంచి చూపు తిప్పకుండా.

మండపంలో పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి తగలడం లేదు. ఊరంతా చాపల మీద కిక్కిరిసి కూర్చుంది. ముందు బుద్ధ విగ్రహం, దాని పక్కన ఎత్తు అరుగు మీద పెద్ద భిక్షువు. జనానికి ఎదురుగా చిన్న బల్ల వేసుకుని వచరీ కూర్చుంది. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మెత్తదనం చూసి ఊళ్లోవాళ్లు మరీ భయపడ్డారు.

"మొదట ఒక విషయం చెప్తాను," అంది వచరీ. "మీ మడుల్లోంచి తీసిన గుల్లల్లో బ్యాక్టీరియా ఉంది."

మండపంలో గుసగుస లేచింది.

"నేను చెప్పలేదూ!" గ్రామపెద్ద సనిత్ మోకాళ్ల మీద లేచాడు. "ఎగువన ఆ రొయ్యల చెరువులు తవ్వినప్పుడే చెప్పాను. వాళ్ల నీళ్లు మన మడులను చెడగొట్టాయి. రాసుకోండి మేడమ్."

"పెద్దాయనా, నేనది రాసుకుంటే మూతపడేది మీ మడులే, వాళ్ల చెరువులు కాదు," అంది వచరీ. "పూర్తిగా వినండి. ఇది బయటి నుంచి వచ్చిన మురికి కాదు. ఇలాంటి వేడి సముద్రంలో ఎక్కడ తీసినా ఉండే క్రిమే. ఎండలు ముదిరితే పెరుగుతుంది. బాగా ఉడికిస్తే చస్తుంది. నాకు అర్థం కానిది ఒక్కటే. బాగా ఉడికించామని చెప్పారు. అయినా నలభై ఆరుగురు పడిపోయారు. అలాంటప్పుడు ఇది ఉడికించినా పోని వేరే విషమేదో అనుకోవాలి. మడులు మూయాలి." ఆమె చూపు లమియత్ మీద ఆగింది. "పిన్నీ, ఆ రోజు మీరు చెప్పిన మాట నా కాగితంలో ఉంది. అందులో ఏమైనా మార్చాలా?"

పంకా కిర్రుమంది.

లమియత్ లేచింది. ఆమె మోకాలు పటుక్కుమన్న శబ్దం వెనక వరుసకు కూడా వినిపించింది.

"మార్చడం కాదు. కొట్టెయ్యి. నేను ఉడికించలేదు. పది ఊపిరులు ముంచాను. అదీ చల్లబడ్డ నీళ్లలో."

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా కోడలి రాత. నా మాట కంటే నిజమైనది."

ఫికున్ తల వంచుకుంది. చాప మీది ఆకుపచ్చ గీతలు ఆమె కళ్లలో నీళ్లకు చెదిరిపోయాయి.

వచరీ పుస్తకం తిరగేస్తూ ఒక చోట ఆగింది. "ఈ పేజీ పైకి చదువు ఫికున్."

ఇంతమంది ముందు ఫికున్ ఎప్పుడూ నోరు విప్పలేదు. మొదటి మాట ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా అమ్మాయ్!" వెనక నుంచి చుమ్ తాత అరిచాడు. నలభై ఏళ్లుగా ప్రతి సాయంత్రం లమియత్ దుకాణంలో మొదటి పళ్లెం ఆయనదే. "మా విరేచనాల లెక్క మాకే వినబడకపోతే ఎలా?"

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య ఫికున్‌కు గొంతు వచ్చింది.

"ఆ రోజు ప్రనోమ్ పెద్దమ్మ గుల్లలతో కొబ్బరిపాల కూర వండింది. అదే పడవ, అదే బస్తా, అదే మడి గుల్లలు. ముంచిన గుల్లలు ముట్టకుండా ఆ కూర మాత్రమే తిన్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది. వాళ్లలో పిల్లలే ఎక్కువ. ఒక్కరికీ ఏమీ కాలేదు. పడిపోయిన నలభై ఆరుగురూ ముంచిన గుల్లలు తిన్నవాళ్లే."

"నిమ్మరసం పిండుకున్నా కూడానా?" ఎవరో అడిగారు.

"నిమ్మరసం, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఎంత దట్టించినా నోరే మండుతుంది. క్రిమి మండదు."

వచరీ మొహంలో మొదటిసారి వెలుగు కనబడింది. కలం మూత తీసింది. అప్పుడు సనిత్ మళ్లీ లేచాడు.

"ఆగండి మేడమ్. ఇందులో మెలిక ఉంది. లమియత్ వదిన నలభై ఏళ్లుగా పది ఊపిరులే ముంచుతోంది. రోజూ మనమంతా తింటూనే ఉన్నాం. నలభై ఏళ్లు రాని జబ్బు ఇప్పుడే ఎందుకొచ్చింది? మడుల్లో ఏదో మారితేనే కదా? తొమ్మిదిమంది భిక్షువులు అవే గుల్లలు తిన్నారు. వాళ్లకేం కాలేదే?"

అతను చెడ్డవాడు కాదు. తన వదిన మర్యాద కాపాడుతున్నానని అనుకుంటున్నాడు. కానీ వచరీ కలం ఆగిపోయింది.

"ఆ మాటకు జవాబు లేకపోతే, మడులు మంచివేనని నేను సంతకం పెట్టలేను," అందామె.

లమియత్ అటూ ఇటూ చూసింది. పొద్దుటి నుంచీ తాను పట్టుకుని వేలాడుతున్న కొమ్మ అదే. ఇప్పుడా కొమ్మే ఊరికి అడ్డంగా పడింది.

"సరే," అంది గట్టిగా. "ఊరే చెప్పాలి. నా దుకాణంలో తిన్న మర్నాడు ఎప్పుడైనా, ఎవరికైనా కడుపు చెడిందా? చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

అందరూ ఒడిలోకి చూసుకుంటున్నారు. ఆ చూపులు ఫికున్‌కు తెలుసు. ఐదు రోజులుగా గుమ్మం గుమ్మంలో చూసింది. విందు సంగతి గొణుక్కుంటూనైనా చెప్పారు. పాత సంగతి అడిగితే మాత్రం, "అబ్బే, అది ఎండదెబ్బ", "ఆ రోజు సారా ఎక్కువైందిలే" అనేవారు. అంటూ దుకాణం వైపు దొంగచూపు చూసేవారు.

"అత్తమ్మా," ఫికున్ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ మొహం చూస్తూ వాళ్లు చెప్పలేరు. మీరు అటు తిరగండి. నేను లెక్కపెడతాను."

లమియత్ కోడలి మొహంలోకి చూసింది. తర్వాత ఊరికి వీపు పెట్టి, బుద్ధుడి వైపు తిరిగి, చేతులు జోడించి నిలబడింది.

వెనక వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మొదటి చెయ్యి ప్రనోమ్‌ది. లమియత్‌కు చిన్ననాటి స్నేహితురాలు. సగం ఎత్తి, చుట్టూ చూసి, పూర్తిగా లేపింది.

"ఒకటి," అంది ఫికున్.

"రెండు." చేపల వల అల్లే ముసలాయన. "మూడు, నాలుగు." భార్యాభర్తలు, ఒకరినొకరు ఆశ్చర్యంగా చూసుకుంటూ. "ఐదు. ఆరు. ఏడు."

ఆ తర్వాత వరుసలు వరుసలుగా లేచాయి. ఫికున్‌కు లెక్క అందుకోవడం కష్టమైంది. ప్రతి అంకెకూ లమియత్ భుజాలు కొద్దిగా కదులుతున్నాయి. ముప్పై రెండు. ముప్పై మూడు. చుమ్ తాత రెండు చేతులూ ఎత్తాడు.

"తాతా, మనిషికి ఒక చెయ్యే."

"నాకు రెండుసార్లు అయ్యిందే తల్లీ! మొహమాటానికి పోతే కడుపొస్తుందంటారు. మనందరికీ కడుపునొప్పి వచ్చింది!"

మండపం గొల్లుమంది. సనిత్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి ఎత్తాడు.

"ముప్పై తొమ్మిది," అంది ఫికున్. "అంతే."

"కాదు," అంది లమియత్. వీపు తిప్పుకునే ఉంది. గొంతు మాత్రం వింతగా ఉంది. "నలభై."

ఆమెకు ఎదురుగా, ఎత్తు అరుగు మీద, కాషాయం మడతల్లోంచి పెద్ద భిక్షువు చెయ్యి పైకి లేచి ఉంది.

"భంతే! మీరు కూడానా?"

"విందు రోజు మధ్యాహ్నం ధ్యానమని చెప్పి తలుపు వేసుకున్నాను ఉపాసికా," అన్నాడాయన. "ధ్యానం కాదు."

"ఎవరికీ చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదు. నువ్వు భక్తితో పెట్టావు. నొచ్చుకుంటావని నేనూ ఊరుకున్నాను. నా తప్పు."

లమియత్ మొదట రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని ప్రనోమ్ పరుగెత్తుకొచ్చింది. చేతులు తీసేసరికి ఆమె కళ్లలో నీళ్లూ ఉన్నాయి, నవ్వూ ఉంది.

"దొంగ ముఖాల్లారా!" అంది ఊరి వైపు తిరిగి. "నలభై ఏళ్లు! ఇంట్లో పొట్ట పట్టుకుని దొర్లి, మళ్లీ సాయంత్రానికి వచ్చి 'అమృతంలా ఉంది లమియత్' అంటారా!"

"అమృతంలానే ఉండేది వదినా," అన్నాడు సనిత్. "మర్నాడే కాస్త తేడా."

వచరీ నవ్వు ఆపుకుంటూ లేచి నిలబడింది. "పెద్దాయనకు జవాబు దొరికింది. జబ్బు ఇప్పుడే రాలేదు. ఎప్పుడూ ఉంది. సగం ఉడికిన ప్రతి పళ్లెం ఒక పందెమే. చాలాసార్లు గెలుస్తారు. ఒక్కోసారి ఓడతారు. ఓడినవాళ్లు మొహమాటపడి చెప్పలేదు కాబట్టి, ఓటమే లేదనుకున్నారు. చిన్న బుట్టలో ఒకరిద్దరు ఓడేవారు. పెద్ద బుట్టలో నలభై ఆరుగురు ఒకేసారి ఓడిపోయారు. అంతే."

సంచిలోంచి ఆ మూసివేత కాగితం తీసింది. మండపం ఊపిరి బిగపట్టింది. ఆమె దాన్ని నిలువునా, అడ్డంగా చింపింది.

"మూత పెట్టాల్సింది మడుల మీద కాదు. గిన్నె మీద."

అప్పుడు జనంలోంచి లేచిన కేక ఏటి అవతలికి కూడా వినబడి ఉంటుంది. అరవై రెండు ఇళ్ల వాళ్లూ ఒకేసారి లేచారు. ఎవరో గుడి గంట కొట్టారు. ప్రనోమ్ ఫికున్ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వాళ్ల వాడుక ప్రకారం నుదుటి మీద వాసన చూసి ముద్దాడింది. మూడేళ్లుగా "లమియత్ కోడలు" అని తప్ప పేరు తెలియని ఆడవాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఫికున్‌కు ఎవరికి నమస్కారం పెట్టాలో, ఎటు చూడాలో తెలియలేదు. పుస్తకాన్ని గుండెకు హత్తుకుని నిలబడింది.

పదిన్నరకు ఊరంతా దుకాణం ముందు ఉంది. తలుపు మీది నోటీసును వచరీయే గోటితో గీకి తీసింది.

లమియత్ పొయ్యి రాజేసింది. చిన్న బుట్ట నిండా గుల్లలు వేసి, ముంచి, మూత పెట్టింది. అలవాటుగా పెదవులు కదిలాయి. పది ఊపిరులు దాటాయి. చెయ్యి బుట్ట చెవి మీదికి పోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది.

"అత్తమ్మా."

"నాకు తెలుసు!"

ఒక్కొక్కటిగా గుల్లలు నోళ్లు తెరిచాయి. ఆ తర్వాత ఇంకో ఐదు నిమిషాలు. అంతసేపు నిలబడటం ఆమెకు ఎంత కష్టమైందో ఊరంతా చూసింది. చివరికి సూది గుచ్చి ఫికున్ "ఎనభై నాలుగు" అంది. పళ్లెం చుమ్ తాత ముందుకు వచ్చింది.

రక్తం లేదు. మాంసం ముడుచుకుని గోధుమరంగులోకి తిరిగింది. తాత ఒకటి తీసి, కారంలో ముంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు.

"ఎలా ఉంది?" అంది లమియత్, నడుం మీద చేతులు పెట్టుకుని. "ఈసారి నిజం చెప్పు. అబద్ధం చెప్పావంటే రేపటి నుంచి నీకు పళ్లెం లేదు."

తాత చుట్టూ చూశాడు. ఊరు చూస్తోంది. మింగాడు.

"గట్టిగా ఉంది లమియత్. కాస్త చెప్పు అట్టలాగే ఉంది."

ఎవరూ కదలలేదు. లమియత్ మొహం ఎర్రబడింది. ఆమె చేతిలో గరిటె ఉంది. ప్రనోమ్ భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఫికున్," అంది లమియత్.

"అత్తమ్మా?"

"పుస్తకం తియ్యి. తేదీ వేసి రాసుకో. లమియత్ దుకాణానికి నలభై ఏళ్లలో మొదటి ఫిర్యాదు." అని పకపకా నవ్వింది. "రేపు కారంలో అల్లం, చింతపండు పెంచుతాను. ఎల్లుండి కొబ్బరిపాలు. ఈ ముసలాడి చేత 'బాగుంది' అనిపించకపోతే నా పేరు లమియత్ కాదు. నిజమైన 'బాగుంది' కావాలి నాకు! ఊరంతా ఇవాళ ఇక్కడే తినాలి. ఆ పెద్ద బుట్ట దింపు, దాన్నిండా గుల్లలు పోసి, నాలుగు వాయిలుగా చేసి కొంచెం కొంచెం వేద్దాం."

ఫికున్ దూలం వైపు చూసింది.

చిన్న కొక్కెం పక్కన పెద్ద కొక్కెం ఖాళీగా ఉంది.

"బుట్టేది?"

మెట్ల మీద అనెక్ లేచి నిలబడ్డాడు. జరిగినదంతా జనం నోట విన్నాడు. ఐదు రోజుల తర్వాత అతను భార్య కళ్లలోకి చూసిన మొదటి చూపు అది. మాట్లాడిన మొదటి మాట కూడా.

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఏటి అవతలి ఊరివాళ్లు వచ్చారు, మీరు గుడికి వెళ్లిన కాసేపటికి. ఇవాళ వాళ్లింట్లో పెళ్లి. నాలుగు బస్తాల గుల్లలు తెప్పించారట. పెద్దవాళ్లు ఇద్దరు గుమ్మంలోకి వచ్చి బుట్ట అడిగితే ఎలా కాదనను ఫికున్? మొహమాటపడ్డాను."

ఆ మాట విని ఎవరూ నవ్వలేదు.

"ఫోన్ చెయ్యి," అంది లమియత్.

"చేస్తున్నాను. డప్పుల మోతలో ఎవరూ ఎత్తట్లేదు."

నిజమే. గాలి వాటంగా ఏటి మీది నుంచి పెళ్లి డప్పులు వినబడుతున్నాయి. పెళ్లికొడుకు ఊరేగింపు నడిచినంతసేపూ అవి మోగుతాయి. ఆగాయంటే పెళ్లివారు భోజనాలకు కూర్చున్నట్టే.

లమియత్ గరిటె పారేసింది. థర్మామీటరు సూదిని కొప్పులో గుచ్చుకుని, తెల్ల జాకెట్టుతోనే రేవు మెట్లు దిగింది. అందరికంటే ముందు పడవలో కూర్చుంది.

"ఎక్కవే," అని కోడలికి చెయ్యి అందించింది. "పిలవని పెళ్లికి పోయి, పళ్లెం లాగేసుకోవాలి. ఎలా మాట్లాడాలో దారిలో నేర్పు. నాకు రాదు."

ఫికున్ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. అనెక్ ఇంజను తాడు లాగాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి పడవ ముందుకు దూకింది.

ఏటి నడుమకు వచ్చేసరికి డప్పులు ఆగిపోయాయి.